చేతులు వాసన చూసే మనిషి

మా కాలనీ మలుపులో ఉన్న కిరాణా దుకాణంలో పప్పూ ఉప్పూ ఒక మూలకు నక్కి ఉంటాయి. మిగతా మూడు గోడలూ మందులవే. చీమలకు పొడి, బొద్దింకలకు పిచికారీ డబ్బా, దోమలకు చుట్ట, బిళ్ల, సీసా, అగరొత్తి, ఎలుకలకు బిస్కెట్టు, చెదలకు డబ్బా. ఇవిగాక, ఏ పురుగుకో తెలియదుగాని రంగు బాగుందని అందరూ కొనే ఒక ఆకుపచ్చ నీళ్ల సీసా. వెనకటి రాజులు దండయాత్రకు బయల్దేరేటప్పుడు కూడా ఇంత సరంజామా సర్దుకుని ఉండరు. మొన్న నేను ఆ ఆయుధాగారం ముందు నిలబడి, బొద్దింకలను నిమ్మ వాసనతో చంపాలా మల్లె వాసనతో చంపాలా అని తేల్చుకోలేక సతమతమవుతుంటే, సేటు డబ్బాల మీద దుమ్ము దులుపుతూ కబురు చెప్పాడు.

"ఇగ నీకు అడ్డు చెప్పెటోడు లేడు సారూ. చేపల తాత పోయిండట. కోదాడల, బిడ్డ ఇంట్ల. రేపే దినాలు."

అని ఊరుకోకుండా, "నిమ్మదే తీస్కో. జల్ది సస్తయి," అని సలహా కూడా పడేశాడు.

నిమ్మనూ మల్లెనూ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. వైరాగ్యం కాదు. నా చేతులు వాసన చూసే మనిషి పోయాడని విన్నాక, ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాను. జేబుల్లో చేతులుంటే డబ్బా పట్టుకోవడం కుదరదు కదా.

ఆయన పేరు నాకు తెలియదు. ఏళ్ల తరబడి ఇంటికి వచ్చిపోయిన మనిషి పేరు తెలియకపోవడం సిగ్గుచేటే. అయితే కాలనీలో నలభై ఇళ్లవాళ్లకూ తెలియదు గనుక ఆ సిగ్గును సమానంగా పంచేస్తే నా వాటా చిటికెడే వచ్చింది. అందరికీ ఆయన చేపల తాత. నాకు మాత్రం పెద్దయ్య.

మనిషి ఎండిన మునక్కాయ. ఆ మునక్కాయకు దేవుడు ముక్కు పెట్టేటప్పుడు పొరపాటున ఏ ఏనుగు కోసమో తీసిపెట్టిన సరుకు వాడేశాడు. ఆయన మా గేటు తీసేసరికే ముక్కు వరండా దాటి వంటింట్లో ఏం మాడిందో కనుక్కుని వచ్చేది. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో వయసంతా బస్తాలు మోసిన ముక్కు అది.

"బస్తా మోసెటోనికి ముక్కు ఏడుంటది సారూ? బస్తా పక్కపొంటే ఉంటది," అనేవాడు. "పురుగు పట్టొద్దని బస్తాకు కొట్టిన మందంత నేనే పీల్సిన. పురుగు బతికింది. మందు అమ్మినోడు బతికిండు. నడుమ నా దగ్గు కూడ మంచిగనే బతుకుతుంది."

దగ్గు నిజంగానే బాగా బతికింది. ఆయన వీధి మొదట్లో దగ్గితే చివరింటివాళ్లు సంపు మూత తీసి పెట్టుకునేవాళ్లు.

సంపు మూత ఎందుకంటే ఆయన చేసే పని అది. మా కాలనీ వెనక ఒక వాగు ఉంది. వాగు అంటే వానాకాలంలో వాగు, మిగతా కాలమంతా నలభై ఇళ్ల అంతరంగం. స్నానాలు చేసిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, ఇల్లు కడిగిన నీళ్లు అన్నీ సందు కాలువల గుండా అందులోకే చేరతాయి. కల్వర్టు కింద మాత్రం ఊట ఉన్న ఒక మడుగు ఉండేది. అందులో చూపుడువేలిలో సగం పొడుగుండే చిన్న చేపలు తిరిగేవి. తల మీద వెండి రజను అంటించినట్టు ఒక చుక్క. పెద్దయ్య వాటిని బొట్టుపిల్లలు అనేవాడు. అవి దోమపిల్లల్ని తింటాయి. తినడమంటే ఆషామాషీగా కాదు, పెళ్లిలో మొదటి పంక్తికి కూర్చున్న మగపెళ్లివారిలా తింటాయి.

ఆయన వాటిని టీ జాలితో పట్టి, ఊరగాయ జాడీలా నోరు వెడల్పుగా ఉన్న గాజు సీసాలో వేసుకుని, మూతికి తడిగుడ్డ కట్టి ఇంటింటికీ తిరిగేవాడు. సంపుల్లో, డ్రమ్ముల్లో, కూలర్ అడుగున నిలిచే నీళ్లలో నాలుగేసి వదిలిపెట్టేవాడు. ఏమీ తీసుకునేవాడు కాదు. ఎవరు అడిగారని ఇదంతా అంటే, "మిల్లుల ఉన్నన్ని దినాలు సంపే మందు మోసిన. జర బతికేది కూడ మోద్దామని," అన్నాడు ఒకసారి, దగ్గుకూ దగ్గుకూ మధ్య.

కానీ చేపలు ఇచ్చే ముందు ఒక పరీక్ష ఉండేది.

"చేతులు సూపియ్యి."

రెండు చేతులూ చాపాలి. ఆయన వంగి ఒక్కసారి పీల్చేవాడు. చీమల పొడి, దోమల బిళ్ల, బొద్దింకల డబ్బా, ఏ మందు ఏ రోజు ముట్టుకున్నామో ఆ ముక్కుకు తెలిసిపోయేది. వాసన తగిలితే తిట్టడు, వాదించడు. సీసాను చంకలో పెట్టుకుని పక్కింటికి పోతాడు. పెళ్లిచూపుల్లో మా మామగారు కూడా నన్ను అంత నిశితంగా పరీక్షించలేదు. పరీక్షించి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

మొదటిసారి మా సంపు మూత తీసినప్పుడు లోపల నీళ్లు లేవు, సేమ్యా పాయసం ఉంది. తెల్లటి సన్నటి పురుగులు, ఒక్కో చుక్కకు ఒక్కో బెటాలియన్, లుకలుకలాడుతూ పైకీ కిందికీ కవాతు చేస్తున్నాయి. ఆ నీళ్లతోనే ఉదయం పళ్లు తోముకున్నానని గుర్తొచ్చి, కడుపులో ఉన్న ఉప్మా సెలవు అడిగింది. పెద్దయ్య నా చేతులు వాసన చూసి, తల ఊపి, నాలుగు బొట్టుపిల్లల్ని వదిలాడు. మూడు రోజుల్లో పాయసం మాయం. అద్దంలాంటి నీళ్ల అడుగున నాలుగు చేపలు పొట్టలు నిమురుకుంటూ తిరిగాయి. ఆయన మళ్లీ వచ్చినప్పుడు మా ఆవిడ అడగకుండానే టీ ఇచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ గౌరవం నాకు దక్కలేదు.

"గిట్లనే మందు డబ్బాలు ఇంట్లకు రానియ్యకు బిడ్డా," అన్నాడు ఆవిడతో.

"డబ్బా మీద పిల్లలకేం కాదని రాసిన్రు తాతా."

"రాసిన్రు. చేపకు సదువు రాదు."

ఎండలు ముదిరిన ఒక సంవత్సరం వాగు చాపలా చుట్టుకుపోయి, కల్వర్టు కింద మడుగు ఒక్కటే మిగిలింది. పెద్దయ్య ఇల్లిల్లూ తిరిగాడు. ఈసారి సీసా లేదు, ఉత్త చేతులు.

"వానలు పడేదాక మందు నీళ్లు కాలువల ఇడవకుండ్రి. మడుగు గదొక్కటే ఉంది సారూ. పిల్లలు పెట్టే చేపలు గాడనే ఉన్నయి, సంపులు అడుగంటినప్పుడు అండ్లయి పోయినయి. గవి పోతే ఇగ విత్తనం లేదు. మా పక్క వాగులన్ని సూసొచ్చిన, ఏడ లేవు."

మొత్తం కాలనీ తల ఊపింది. తల ఊపడంలో మా కాలనీని మించింది ఈ జిల్లాలో లేదు. నేను మాత్రం పెద్ద మనిషి తరహాలో ముందుకొచ్చి, "మా సందు కాలువ నా బాధ్యత. నువ్వు నిశ్చింతగా ఉండు పెద్దయ్యా," అన్నాను. ఆయన తన చేతిలో నా చెయ్యి వేయించుకున్నాడు. అలవాటు కొద్దీ ఆ చేతినీ వాసన చూశాడు. తృప్తిపడ్డాడు.

వారం తిరక్కుండా తిరుమలగిరి నుంచి మా బావమరిది దిగాడు. అటంతా పత్తి. ఆ వైపువాళ్లు సూర్యాపేటలో ఉన్న ఆడపిల్ల ఇంటికి ఉత్త చేతులతో రారు. సంచి నిండా కందులు, పైన పచ్చిమిరపకాయలు, అడుగున పాత చీర పేలికలో బాలెంతలా చుట్టుకుని పడుకున్న ఒక సీసా: పత్తికి కొట్టగా మిగిలిన మందు. చేలో కాయ తొలిచే పురుగునే చంపింది, పట్నంలో చీమ ఒక లెక్కా అని వాళ్ల ప్రేమ. ఆ సీసా రాని సంవత్సరం పుట్టింటివాళ్లు మరిచిపోయారని మా వీధి ఆడవాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

ఆ సంవత్సరం మా వీధి తలుపుకు చెద పట్టి ఉంది. బావమరిది దర్వాజాను గోటితో గీకి చూసి, సీసా పేలిక విప్పాడు.

"గిది కొడితే సెద కాదు బావా, తలుపే లేసి ఉరుకుతది."

"వద్దురా. పెద్దయ్యకు మాట ఇచ్చిన."

"మాటను సెద తింటదా? తలుపును తింటది."

మా ఆవిడ వంటింట్లోంచే తీర్పు చెప్పింది. "తలుపు కూలినంక మనింటికి చేపలు కావలుంటయా ఏంది?"

నేను పక్కకు జరిగి నిలబడ్డాను. బావమరిది బకెట్‌లో కలిపాడు. ఇల్లంతా వాసన. మామూలు వాసన కాదు, గొంతులోకి దిగి కుర్చీ వేసుకుని కూర్చునే వాసన. గోడ మీద బల్లి కాళ్లు వదిలేసి దఢాలున పడింది. చెదలు చచ్చాయో లేదో గాని వాటి వెనక ఏడు తరాలవాళ్లు ఉలిక్కిపడి ఉంటారు. ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇల్లు నాలుగుసార్లు కడిగింది. ఆ నీళ్లు ఎటుపోయాయో నేను చూడనట్టు నటించాను. చివరికి బకెట్ అడుగున ఇంకా పాలరంగు నీళ్లు మిగిలాయి. బావమరిది బస్సుకు వెళ్లిపోయాడు. ఆవిడ స్నానానికి వెళ్లింది. బకెట్, నేను మిగిలాం.

గేటు ముందు కాలువలోకి వంచింది నేనే. రెండు చేతులతో, జాగ్రత్తగా, చొక్కా మీద పడకుండా వంచాను. ఇంత నీటికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ రోజుల్లోనే మిగతా ఇళ్లవాళ్లూ తమ తమ బకెట్ల ముందు నిలబడి అదే అనుకున్నారని తర్వాత తెలిసింది.

మర్నాడు ఉదయం కల్వర్టు దగ్గర జనం మూగారు. మడుగు మీద ఎవరో బస్తాడు బొరుగులు ఒలకబోసినట్టుంది. అన్నీ పొట్టలు పైకి. సబ్బు నురగలో, జుట్టు ఉండల్లో, పాల ప్యాకెట్ల మధ్య చిక్కుకుని తెల్లగా, జిగటగా, ఒకదాని మీద ఒకటి. ఇంకా చావనివి పక్కకు ఒరిగి, తాగినవాళ్లలా గుండ్రంగా తిరుగుతూ నోళ్లు తెరుస్తున్నాయి. మునిసిపాలిటీకి లొంగని మా వాగు కాకి ఒకటి దిగి వచ్చి, ఒకదాన్ని పొడిచి, ఉమ్మేసి లేచిపోయింది. కాకి ఉమ్మడం నేను అదే మొదటిసారి చూడడం. పెద్దయ్య మోకాలి లోతు ఆ పెంటలో నిలబడి, టీ జాలితో కదులుతున్నవాటిని వెతికి సీసాలో వేసుకుంటున్నాడు. ఎవరి వైపూ చూడలేదు. దగ్గలేదు కూడా. ఆ ముక్కును ఆయన ఆ పూట ఎలా భరించాడో మరి.

మధ్యాహ్నానికి ఆయన వీధిలోకి వచ్చాడు. నెత్తిన తట్ట. తట్టలో చచ్చిన చేపలు. మోదుగాకు విస్తరిలో పిడికెడు పిడికెడు పెట్టి, పెళ్లిపిలుపులకు వచ్చినవాడిలా ప్రతి గడప ముందూ కూర్చుని ఒక విస్తరి పెట్టాడు.

"ఇయి మీయి," అన్నాడు ప్రతి ఇంటి ముందూ. అంతే. అరుపు లేదు, శాపనార్థం లేదు.

మా గేటు దగ్గరికి వచ్చేసరికి నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

"చేతులు సూపియ్యి సారూ."

చూపించలేదు.

"ఎనక పెట్టుకున్నా వాసన ముంగటికే వస్తది," అన్నాడు. మెల్లగా మా గడప మీద విస్తరి పెట్టాడు. అందరికన్నా పెద్ద విస్తరి. లేస్తూ మోకాలు పట్టుకుని ఒక మాట అన్నాడు. "నువ్వు మాట ఇయ్యకుంటె నేను మడుగు కాడనే కావలుంటుంటి. ఇచ్చినవని ఇంటికి పోయి పండుకున్న."

నా మీద ఇంతవరకూ చాలామంది చాలా తిట్లు ఖర్చుపెట్టారు. అవన్నీ ఒక పళ్లెంలో పెట్టి ఈ మాటను ఇంకో పళ్లెంలో పెడితే, తిట్ల పళ్లెం గాల్లోకి లేస్తుంది.

ఇక ఎండ తన పని మొదలుపెట్టింది. గంటలో నలభై గడపల మీద నలభై విస్తళ్లూ ఉబ్బి, పగిలి, చీము రంగు కారాయి. వాసనకు రంగు ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఊదా, పసుపు కలిసిన రంగు. ఈగలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, అటు జనగామ నుంచి ఇటు మూసీ దాకా ఉన్న ఈగలన్నీ బంధుమిత్ర సపరివారంగా వచ్చాయి. అప్పుడు మా కాలనీ ఏం చేసిందో చెబితే నమ్మరు. సేటు దుకాణానికి పరిగెత్తింది. ఈగల మందు తెచ్చింది. మందుతో చచ్చిన చేపల మీద వాలిన ఈగలను మందు కొట్టి చంపింది. ఆ గడపలను బకెట్లకు బకెట్లు పోసి కడిగింది. ఆ నీళ్లు ఎటుపోయాయో మళ్లీ ఎవరూ చూడలేదు. సేటు దుకాణంలో ఆ సాయంత్రానికి ఒక్క డబ్బా మిగల్లేదు.

పెద్దయ్య ఆ తర్వాత మా వీధికి రాలేదు. కోదాడలో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడని ఎవరో అన్నారు. మా సంపులో మళ్లీ పాయసం తయారైంది. మా ఆవిడ బిళ్ల వేసింది.

దినాలకు కోదాడ వెళ్లాను. ఇంటి ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, మోకాళ్ల ఎత్తు వంట గిన్నెలు. ఫొటోలో కూడా ముక్కు ఫ్రేము దాటి వస్తోంది. ఆ ముక్కుకు దండం పెట్టి, అలవాటు కొద్దీ చేతులు వెనక్కి పెట్టుకుని ఒక మూల నిలబడ్డాను. నలభై ఏళ్ల ఆడమనిషి ఒకావిడ నన్ను కాసేపు చూసి దగ్గరికి వచ్చింది.

"పేట నుంచి వచ్చారా అన్నయ్యగారూ? చేతులు వెనక పెట్టుకునే సారు మీరేనా?"

ఆయన బిడ్డ. తప్పించుకునే దారి లేక ఒప్పుకున్నాను.

"మా నాన్న చెప్పేవాడండీ," అంది. కోపం లేదు. "భోంచేశాక పెరట్లోకి రండి."

పెరట్లో పాతకాలపు కుడితి తొట్టి ఒకటి ఉంది. పైన చెక్క. ఆమె చెక్క పక్కకు జరిపింది. నీళ్లలో వెండి రజను చల్లినట్టు తళుకులు. టీ జాలికి దొరికిన ఆ కొన్ని బొట్టుపిల్లలే, పిల్లల్ని పెట్టి, వాటి పిల్లలు మళ్లీ పెట్టి, తొట్టి నిండిపోయాయి. మా వాగు వాగంతా కోదాడలో ఒక కుడితి తొట్టిలో కాపురముంటోంది.

"ఈ ఇంట్లో ఒక్క డబ్బా కొననిచ్చేవాడు కాదు," అంది. "మా ఆయన తిట్టుకుంటానే దోమతెర కట్టుకునేవాడు. పోయే ముందు చెప్పాడండీ, పేట నుంచి ఎవరన్నా వస్తే ఒక సీసా ఇచ్చి పంపమని, అవి ఆ నీళ్లవి, ఆ నీళ్లకే పోవాలని. పదకొండు రోజుల్లో మీరొక్కరే వచ్చారు."

అదే సీసా. అదే తడిగుడ్డ. ఆమె ఆరు చేపల్ని పట్టి నా వైపు చాపింది. నేను అందుకోలేదు.

"చేతులు వాసన చూడవా అమ్మా?"

"నాకు నాన్న ముక్కు రాలేదు అన్నయ్యగారూ. మీరే చూసుకోండి."

బస్సులో చూసుకున్నాను. భోజనంలో కలుపుకున్న గోంగూర వాసన తప్ప ఏమీ రాలేదు. గోంగూర చాలా నేరాలను కప్పిపుచ్చగలదు. కండక్టర్ సీసా వైపు వంగి, "గదేందన్నా?" అన్నాడు.

"మా వాగు."

"వాగునైతే ఒళ్లె పెట్టుకో. సీటు మీద పెడితే టికెట్ కొట్టాలె."

ఒళ్లోనే పెట్టుకుని సూర్యాపేటలో దిగి, నేరుగా కల్వర్టు దగ్గరికి నడిచాను. మడుగు నల్లగా, చిక్కగా, కదలకుండా ఉంది. మీద మూడు రంగుల నురగ. వంగి పీల్చాను. నిమ్మ వాసన. కుళ్లిన మడుగు నుంచి కమ్మటి నిమ్మ వాసన వస్తుంటే, అంత అసహ్యమైన వాసన నేను పుట్టి ఎరగను. సీసాలో చేపలు గాజుకు మూతులు ఆనించి చూస్తున్నాయి. వాటిని అందులోకి ఒంపలేదు.

ఇంటికి వెళ్లాను. "సంపుల ఎయ్యకు, మొన్ననే బిళ్లేసిన," అంది మా ఆవిడ, సీసాను చూడగానే. పక్కింటికి వెళ్లాను. ఆ పక్కింటికి. ప్రతి గేటు దగ్గరా నేనే అడిగాను. "ఒక్కసారి చేతులు చూపించండి."

అందరూ నవ్వారు. నవ్వుతూనే చూపించారు. మల్లె. ఫినాయిలు. చీమల పొడి. మళ్లీ మల్లె. ఒకాయన పొద్దున్నే చెదల మందు కొట్టి, ఆ చేత్తోనే మామిడిపండు తింటున్నాడు. చివరికి సేటు దగ్గరికి వెళ్లాను. ఆయన చేతులు వాసన చూడాల్సిన అవసరం లేకపోయింది.

"ఏంది సారూ, తాత ముక్కు నీకు రాసిచ్చి పోయిండా?" అన్నాడు.

"ఇన్ని ఇళ్లల్ల ఆరు చేపలకు బకెట్ నీళ్లు లేవు సేటూ."

"నీళ్లకేం తక్కువ, మస్తున్నయి. నీ చేపలే నాజూకు."

వచ్చిన బస్టాండుకే తిరిగి నడిచి, కోదాడ బస్సు ఎక్కాను. నా ఖర్మకొద్దీ అదే కండక్టర్. సీసానూ నన్నూ మార్చి మార్చి చూసి టికెట్ చించాడు.

పొద్దు వాలుతుండగా చేరాను. టెంటు విప్పేశారు. ఆమె పెరట్లో గిన్నెలు తోముతోంది, సబ్బు లేకుండా, బూడిదతో. నన్ను చూసింది, నా చేతిలో సీసాను చూసింది. చేతులు కడుక్కుని వచ్చి తొట్టి మీది చెక్క తీసింది.

"పొయ్యండి," అంది.

"నా చేతులతో వద్దమ్మా. నువ్వే పొయ్యి."

నాన్న ముక్కు రాలేదన్న మనిషి సీసా అందుకోగానే ముందు దాని పక్కలను, సరిగ్గా నా వేళ్లు ఆనిన చోట, వాసన చూసింది. కొంగుతో రెండుసార్లు తుడిచింది. అప్పుడు ఒంపింది.